మాగాణిలో చేరే భారలోహాలు: శివారు రైతు తెలుసుకోవలసిన చరిత్ర



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల వారికి ఉప్పు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన వచ్చి బందరు పట్నాన్నీ చుట్టుపక్కల గ్రామాలనూ ముంచింది. సుమారు ముప్పైవేల మంది మరణించారు. 1977 నవంబరు 19వ తేదీన మళ్ళీ ఉప్పెన లేచి దివిసీమ మీద పడింది. ప్రభుత్వం వారి లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. ఉప్పు నీరు పొలాల మీద నిలిచింది. అయినా ఆ పొలాలు మళ్ళీ పండాయి. వాన నీరు, కాలువ నీరు నిలగట్టి, కరిగిన ఉప్పును మురుగుకోడులోకి తీసేసి, జీలుగ చల్లి కలియదున్ని, మన పెద్దలు మళ్ళీ ఊడ్పులు ఊడ్చారు. ఉప్పు నీటితో వచ్చింది, నీటితోనే పోయింది.

ఈవేళ మనం చెప్పుకోబోయేది కడిగినా పోని పదార్థాల సంగతి. వాటిని భారలోహాలు అంటారు. కాడ్మియం, సీసం, పాదరసం ముఖ్యమైనవి. పాషాణం, అంటే ఆర్సెనిక్, అసలైన లోహం కాదని శాస్త్రజ్ఞులు అంటారు గాని, అది చేసే చెరుపు అటువంటిదే కావడం వల్ల దాన్నీ ఈ జాబితాలోనే చేరుస్తారు. రాగి, జింకు, నికెల్ కూడా హెచ్చయితే చెరుపే. అయితే రాగి, జింకు కొద్ది మోతాదులో పైరుకు అవసరం.

పురుగుమందుకూ లోహానికీ ఉన్న తేడా ముందుగా గ్రహించాలి. పురుగుమందు ఎంత చెడ్డదైనా, ఎండకు, తేమకు, నేలలోని సూక్ష్మజీవులకు కొన్ని వారాలకో కొన్ని ఏళ్ళకో విరిగిపోతుంది. లోహం విరగదు, కుళ్ళదు, ఆవిరై పోదు. పాదరసం ఒక్కటే కొంత ఆవిరవుతుంది. తక్కినవి నేలలోని బంకమట్టికీ సేంద్రియ పదార్థానికీ అంటుకొని, తాతలు వదిలింది మనవల కాలానికి కూడా అక్కడే ఉంటాయి.

మరి నేలలో ఉన్న లోహం పైరులోకి ఎప్పుడు ఎక్కుతుంది? ఇది ఆడవారికి బాగా తెలిసిన విషయమే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కి నోట పెట్టలేము. అదే గిన్నెలో మంచినీళ్ళు పోస్తే అంత పని జరగదు. పులుపు లోహాన్ని కరిగిస్తుంది. నేల కూడా అంతే. పులిసిన నేలలో కాడ్మియం కరిగి వేరుకు అందుతుంది. సున్నపు పాలు ఉన్న నేల దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే తక్కిన చరిత్ర తేలికగా బోధపడుతుంది.

ఈ చరిత్రలో ముందు చెప్పుకోవలసింది జపాను దేశపు తోయామా జిల్లాలోని వరి రైతుల కథ. అక్కడ జింజు అనే నది ఉంది. నది ఎగువ కొండలలో కమియోకా గనులు. అక్కడ జింకు, సీసం తవ్వి తీసేవారు. జింకు ఖనిజంలో కాడ్మియం కలిసి ఉంటుంది. గనిని కడిగిన నీరు నదిలోకి పోయేది. దిగువ మైదానంలోని రైతులు ఆ నది నీటినే కాలువల ద్వారా పొలాలకు పెట్టుకొనేవారు. నీటితో పాటు సన్నని మట్టి వచ్చి మడిలో పేరుకొనేది. పైరు పచ్చగానే ఉండేది, ధాన్యం చూడటానికి ధాన్యంలాగానే ఉండేది.

ఆ ఊళ్ళలో నడివయసు దాటిన స్త్రీలకు, అందులోనూ నలుగురైదుగురిని కన్న తల్లులకు, నడుము నొప్పి మొదలై ఒళ్ళంతా పాకేది. నడక బాతు నడకలా మారేది. చివరకు దగ్గితే కూడా ఎముక విరిగేది. ‘ఇతాయ్, ఇతాయ్’ అని మూలిగేవారు. జపాను భాషలో ఆ మాటకు నొప్పి అని అర్థం. జబ్బుకు ఆ పేరే నిలిచింది. మొదట దీన్ని తిండి చాలక వచ్చిన జబ్బు అన్నారు, హెచ్చు చాకిరీ వల్ల అన్నారు. ఆ ఊళ్ళలో వైద్యం చేసే హగినో నొబొరు అనే డాక్టరు మాత్రం రోగుల ఇళ్ళన్నీ ఆ నది నీరు పారే ఆయకట్టులోనే ఉన్నాయని గమనించాడు. 1957లో గని నీరే కారణమని ప్రకటించాడు. తరువాత ఇతర శాస్త్రజ్ఞులతో కలిసి అది కాడ్మియం అని తేల్చాడు. ప్రభుత్వం ఒప్పుకొన్నది 1968లో. న్యాయస్థానం 1971లో రైతుల పక్షాన తీర్పు చెప్పింది. 1972లో పై కోర్టు దాన్నే ఖాయపరచింది.

తీర్పుతో పొలం బాగుపడలేదు. చెడిన పైమట్టిని లోతున పూడ్చి, దాని మీద వేరే చోటి నుంచి మంచి మట్టి తెచ్చి పరచవలసి వచ్చింది. ఎనిమిది వందల హెక్టార్లకు పైగా, అంటే సుమారు రెండువేల ఎకరాలకు ఈ పని చేసేసరికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టి 2012లో ముగిసింది. దివిసీమలో ఉప్పును కడిగినట్టు కాడ్మియాన్ని కడగడం సాధ్యమై ఉంటే, జపాను వంటి ధనిక దేశం ఇంత పాటు పడవలసిన అవసరం ఉండేదా?

కాడ్మియం ఎంత సూక్ష్మంగా పని చేస్తుందో చూడండి. తెల్లబియ్యంలో కిలోకు 0.4 మిల్లీగ్రాముకు మించి కాడ్మియం ఉండరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘమైన కోడెక్స్ 2006లో నిర్ణయించింది. అంటే క్వింటాలు బియ్యంలో 40 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కంటె ఎంతో తక్కువ. ఇది రుచికి తెలియదు, వాసనకు అందదు. ఒకసారి శరీరంలో చేరితే మూత్రపిండాలలో కూర్చుంటుంది. అందులో సగం బయటకు పోవడానికే పది నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది. మూత్రపిండం చెడి, ఎముకకు కావలసిన భాస్వరం, సున్నం మూత్రంలో పోతాయి. రక్తహీనత ఉన్న స్త్రీల ఒంటికి కాడ్మియం మరింత హెచ్చుగా పడుతుంది. పొగాకు మొక్క కూడా కాడ్మియాన్ని బాగా లాగుతుంది గనుక, చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారి శరీరంలో దాని నిల్వ తాగని వారికంటె సుమారు రెట్టింపు ఉంటుంది.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తం తగ్గిస్తుంది. పాదరసం నరాలను పాడు చేస్తుంది. ఆర్సెనిక్ చాలాకాలం లోనికి పోతే చర్మం మీద మచ్చలు, అరచేతులలో అరికాళ్ళలో కాయలు, ఆపైన పుట్టకురుపు కూడా రావచ్చును.

ఇక పాదరసం కథ. 1971–72లో ఇరాకు దేశంలో కరువు పరిస్థితుల తరువాత విదేశాల నుంచి గోధుమ, బార్లీ విత్తనాలు తెచ్చి రైతులకు పంచారు. విత్తనానికి తెగులు రాకుండా పాదరసపు మందు పట్టించి, హెచ్చరికగా ఎర్ర రంగు వేశారు. బస్తాల మీద హెచ్చరిక రైతులకు రాని భాషలో ఉంది. విత్తనాలు అందేసరికి చాలాచోట్ల అదను దాటిపోయింది. కొందరు ఆ గింజలు కోళ్ళకు వేసి చూశారు. కోళ్ళు వెంటనే చావలేదు. నీళ్ళతో కడిగితే ఎర్ర రంగు పోయింది. రంగుతోపాటు విషం కూడా పోయిందనుకొని రొట్టెలు చేసుకొని తిన్నారు. 6,530 మంది ఆసుపత్రి పాలయ్యారు. వారిలో 459 మంది మరణించారు. రంగు కడిగితే పోయింది గాని, పాదరసం పోలేదు.

ఇది పరాయి దేశపు కథ అని కొట్టివేయకండి. 1950, 60 దశకాలలో మన దేశంలో కూడా అగ్రోసాన్, సెరెసాన్ వంటి పాదరసపు పొడులతో విత్తనశుద్ధి చేయమని రైతులకు సలహా ఇచ్చేవారు. పురుగులను చంపడానికి ఆర్సెనిక్ కలిసిన పారిస్ గ్రీన్ వంటి మందులు కూడా అంతకు ముందు నుంచీ ఉండేవి. ఆనాటి జ్ఞానానికి అవి మేలైన మందులే. నేడు ఫినైల్ మెర్క్యురీ ఎసిటేటు, ఇథైల్ మెర్క్యురీ క్లోరైడు, పారిస్ గ్రీన్ అనబడే కాపర్ ఎసిటో ఆర్సెనైటు మన దేశంలో నిషేధించిన మందుల జాబితాలో ఉన్నాయి. పాత కొట్టులో, గాదె కింద, చూరులో ఎప్పటిదో పేరు చెరిగిన డబ్బా కనిపిస్తే దాన్ని పొలంలో పారబోయకండి, కాలువలో విసరకండి. పిల్లలకు అందకుండా మూసిపెట్టి వ్యవసాయాధికారికి తెలపండి.

ఇప్పుడు మన నది సంగతికి వద్దాం. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ దాని స్థానంలోకి వచ్చిన తరువాతా, సుమారు పదమూడు లక్షల ఎకరాల డెల్టాకు కృష్ణ నీరే ఆధారం. ఒండ్రు తెచ్చేదీ ఆ నీరే, ఎగువ వాళ్ళు వదిలిన మలినాన్ని తెచ్చేదీ ఆ నీరే. శివారు రైతుకు నీరు అందరికంటె చివర వస్తుంది, దారిలో కలిసినవన్నీ కలుపుకొని వస్తుంది.

దారిలో కలిసేవాటిలో మూసీ నది ఒకటి. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మీదుగా ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 నాటి మహా వరద తరువాత నగర రక్షణకు, మంచినీటికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మంచి నీరు పైననే ఆగిపోయింది. నగరం పెరిగిన కొద్దీ కింద నదిలో ఏడాది పొడుగునా పారేది నగరపు మురుగే అయింది. ఆ నీటితో గడ్డి, వరి, ఆకుకూరలు పెంచే రైతులు నేటికీ ఉన్నారు. వారికి వేరే నీరు లేదు.

హైదరాబాదు పక్కనే పటాన్‌చెరు. 1970 దశకంలో అక్కడ పారిశ్రామికవాడ వెలసింది. ఫ్యాక్టరీల నీరు నక్కవాగులోకి వెళ్ళి పొలాలు, బావులు చెడ్డాయి. అక్కడ వైద్యం చేసే డాక్టరు అల్లాని కిషన్‌రావు రైతుల పక్షాన చాలా ఏళ్ళు పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2001లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు నేలల్లో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ వంటివి సహజ మట్టానికి మించి ఉన్నాయని ప్రచురించారు. జపానులో హగినో కథకూ దీనికీ ఉన్న పోలిక మీరే చూడవచ్చు. రెండు చోట్లా జబ్బును ముందు కనిపెట్టింది పల్లె డాక్టరు, నష్టపోయింది పల్లపు రైతు.

పటాన్‌చెరు నీరు మనకేమిటి అంటారేమో. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు మన కాలువల్లోకి కూడా వస్తున్నది. అదీగాక, పటాన్‌చెరులో శుద్ధి చేసిన ఫ్యాక్టరీ నీటిని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపడానికి 18 కిలోమీటర్ల గొట్టం వేశారు. అంబర్‌పేట నీరు చేరేది మూసీలోకి. కాబట్టి ఎగువన ఏ ఊరి వారు ఏం వదిలినా మనకు సంబంధం లేని మాట కాదు. అయితే మరీ భయపడనక్కరలేదు. పెద్ద నదిలో కలిశాక మలినం పలచబడుతుంది. లోహాలు మట్టి రేణువులను అంటుకొని జలాశయాల అడుగున చాలావరకు దిగిపోతాయి కూడా. మనం కనిపెట్టి ఉండవలసినవి పెద్ద నది కంటె ఇంటి దగ్గరి చిన్న నీళ్ళు.

దగ్గరి నీళ్ళలో ముందు చెప్పవలసింది బుడమేరు. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి బొగ్గుతో విద్యుత్తు తయారవుతున్నది. బొగ్గు బూడిదలో లోహాలు ఉంటాయి. ఆ ప్రాంతపు నీరు, విజయవాడ శివార్ల మురుగు మోసుకొని బుడమేరు కొల్లేటికి చేరుతుంది. 2024 సెప్టెంబరులో అదే బుడమేరు కట్టలు తెంచుకొని విజయవాడను ముంచింది. ఆ నీరు గుడివాడ వైపు నందివాడ పొలాల మీదికి కూడా వచ్చింది. వరద బురద ఎప్పుడూ ఒండ్రుగానే భావించే అలవాటు మనది. పట్నం కడిగిన బురద వేరు. అటువంటి వరద తరువాత మట్టి పరీక్ష చేయించుకోవాలి. కొల్లేటి అడుగు మట్టిలోని కాడ్మియం, సీసం, నికెల్ వంటి లోహాలు తినే చేపల శరీరంలోకి ఎలా చేరుతున్నాయో శాస్త్రజ్ఞులు పరిశీలించి 2004లో ప్రచురించారు.

కొల్లేటికి ఆ ఒడ్డున ఏలూరు. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలు కొద్ది రోజులలోనే ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోయారు. ఢిల్లీ అఖిల భారత వైద్య శాస్త్రాల సంస్థ వారు రోగుల రక్తంలో సీసం, నికెల్ హెచ్చుగా ఉన్నాయన్నారు. మరికొంత పరిశీలన తరువాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని నిపుణులు తేల్చారు. దీనిలో నేర్చుకోవలసింది ఒకటుంది. జబ్బు పుట్టిన తరువాత, నీరు పారిపోయిన తరువాత కారణం వెతకడం బహు కష్టం. ముందునుంచీ నీటికీ, మట్టికీ, పంటకూ పరీక్షలు చేసి లెక్కలు రాసి పెట్టుకొన్న చోటనే తేడా వెంటనే తెలుస్తుంది. అలాగే కనిపించిన ప్రతి కిడ్నీ జబ్బునూ లోహాల మీదికి నెట్టడం తగదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు జరుగుతున్నా, అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఏకాభిప్రాయం కుదరలేదు.

బందరు వారికి ఒక మాట. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు దేశమంతటా పేరు పొందాయి. ఎన్నో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. పూత పనిలో రాగి, నికెల్ లవణాలు వాడతారు. తొట్టి కడిగిన నీరు శుద్ధి చేయకుండా మురుగుకాలువలో పడితే, ఆ మురుగు నీరు తోడుకొనే దిగువ పొలానికి చేరుతుంది. ఇది పని మానుకోమనే మాట కాదు. కడిగిన నీటికి సున్నం వేసి లోహాన్ని అడుగుకు దింపి, ఆ మడ్డిని విడిగా అప్పగించడం చేతనైన పనే. పని చేసేవారూ, పొలం చేసేవారూ ఒకే ఊరివాళ్ళు గనుక కూర్చుని మాట్లాడుకొంటే ఇద్దరికీ మేలు.

మన నేలకు ఒక గొప్ప రక్షణ ఉంది. డెల్టా నల్లమట్టి బంక ఎక్కువ, పులుపు తక్కువ. ఇందాక చెప్పిన ఇత్తడి గిన్నె ఉపమానం ప్రకారం, ఇది లోహాన్ని తేలికగా కరగనివ్వదు. తోయామా నేలకు ఈ అదృష్టం లేదు. కాని రెండు బలహీనతలు ఉన్నాయి.

మొదటిది ఉప్పు. చవుడు భూమిలోని క్లోరైడు కాడ్మియంతో జతకట్టి దాన్ని మట్టి పట్టు నుంచి విడిపిస్తుంది. కోడూరు, నాగాయలంక వైపు సముద్రం దాపున ఉన్న పొలాలకు కాడ్మియం చేరితే, అంతే కాడ్మియం ఉన్న మంచి భూమి కంటె పైరులోకి హెచ్చుగా ఎక్కే ప్రమాదం ఉంది. కాబట్టి చవుడు తగ్గించుకొనే ప్రతి పనీ ఇందుకు కూడా పనికొస్తుంది.

రెండవది నీటి వ్యవహారం. మడిలో నీరు నిలిచి ఉంటే మట్టిలో గాలి ఆడదు. అప్పుడు కాడ్మియం గంధకంతో కలిసి గట్టిపడి కదలదు, కాని ఆర్సెనిక్ కరిగి వేరుకు అందుతుంది. నీరు తీసి ఆరగడితే ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం విడుదలవుతుంది. జపానులో కాడ్మియం ఉన్న ప్రాంతాలలో వెన్ను తీసే ముందూ తరువాతా మూడేసి వారాలు నీరు నిలపమని రైతులకు చెబుతారు. ఆర్సెనిక్ ఉన్న బంగాళా దేశంలో ఆరగట్టి తడిపే పద్ధతి మేలని చెబుతారు. కనుక ఎవరో చెప్పిన పద్ధతిని గుడ్డిగా అనుసరించరాదు. ఏ లోహం ఉందో పరీక్షలో తేలిన తరువాతనే నీటి పద్ధతి మార్చాలి. మినుము చల్లడానికి నీరు తీసే అలవాటును ఉత్త అనుమానంతో మానుకోనవసరం లేదు.

ఇక మీరు చేయగల పనులు చెబుతాను.

పట్నపు చెత్త ఎరువు కొనేటప్పుడు పరీక్ష పత్రం అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలో పట్నపు ఎరువులో కాడ్మియం 5, సీసం 100, ఆర్సెనిక్ 10, నికెల్ 50, క్రోమియం 50, పాదరసం 0.15 మిల్లీగ్రాములు మించరాదు. హద్దు లోపల ఉన్నంత మాత్రాన ఏటా తోలవచ్చునని అర్థం కాదు. లెక్క చూడండి. సీసం సరిగ్గా 100 ఉన్న ఎరువు ఎకరానికి 4 టన్నులు తోలితే 400 గ్రాముల సీసం పొలంలో పడ్డట్టు. పదేళ్ళు తోలితే 4 కిలోలు. పంట తీసుకుపోయేది అందులో బహు స్వల్పం. పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు కలిసిన చెత్త ఊరి దిబ్బలో కూడా పడనివ్వకండి. మీ పశువుల ఎరువు, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట ఉండగా ఊరు పేరు తెలియని ఎరువు దేనికి?

భాస్వరపు ఎరువులు తవ్వి తీసిన రాతి నుంచి తయారవుతాయి. ఆ రాయిని బట్టి అందులో కాడ్మియం కొద్దిగానో గొప్పగానో ఉంటుంది. ఐరోపా దేశాల సమాఖ్య 2022 నుంచి కిలో భాస్వరానికి 60 మిల్లీగ్రాముల కాడ్మియం అని హద్దు పెట్టింది. మట్టి పరీక్షలో భాస్వరం హెచ్చుగా ఉన్నదని వస్తే బస్తా తగ్గించండి. డబ్బూ మిగులుతుంది, కాడ్మియమూ తగ్గుతుంది.

జింకు లోపం కనిపెట్టండి. జింకు చాలని పైరు దాని బదులు కాడ్మియాన్ని లాగుతుంది. లోపం ఉన్న మాగాణిలో ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయమని సిఫారసు. దీన్ని భాస్వరపు ఎరువుతో కలిపి వేయకండి.

కాలువ నీరు అందక ఇంజనుతో మురుగు కోడు నీరు తోడుకొనే శివారు రైతులు, ఆ కోడులో పైన ఏం పడుతుందో ఒకసారి గట్టు వెంట నడిచి చూడండి. పట్నపు మురుగు పారే చోట తోటకూర, పాలకూర, గోంగూర వేయకండి. ఆకుకూరలు కాయలకంటె కాడ్మియాన్ని హెచ్చుగా దాచుకొంటాయి. ఆకు మీద పడిన దుమ్ములోని సీసం కడిగితే పోతుంది గాని, ఆకు లోపలికి ఎక్కింది పోదు. అటువంటి చోట పూలతోట మేలు.

ఇంట్లో ఆడవారికి ఒక మాట. నీరు ఎక్కువ పోసి వండి గంజి వార్చే మన పాత పద్ధతి బియ్యంలోని ఆర్సెనిక్‌ను బాగా తగ్గిస్తుంది. వండే నీటిలో ఆర్సెనిక్ లేకపోవాలి సుమా. గంజితో కొంత పోషకం పోతుంది కనుక పప్పు, ఆకుకూర తప్పనిసరిగా తినాలి. కాడ్మియం మాత్రం వార్చినంత మాత్రాన పోదు. ఆడపిల్లలకు రక్తహీనత లేకుండా చూసుకోవడం దానికి మంచి అడ్డుకట్ట.

గ్రామ వ్యవసాయ సహాయకులకు, రైతు సేవా కేంద్రాల వారికి మనవి. మామూలు మట్టి పరీక్షలో ఉదజని సూచిక, లవణాలు, ముఖ్య పోషకాలు, జింకు వంటివి చెబుతారు. కాడ్మియం, సీసం చెప్పరు. వాటికి వేరే ప్రయోగశాలకు పంపాలి. అన్ని పొలాలకూ చేయించనక్కరలేదు. అనుమానం ఉన్న కోడు వెంట, పూత పని జరిగే చోట, బూడిద పడే చోట, పట్నపు వరద మునిగిన చోట చేయిస్తే చాలు. నమూనాకు ఇనుప పార, జింకు పూత బకెట్టు వాడకండి. కర్ర పుల్ల, ప్లాస్టిక్ గిన్నె వాడండి. నీరు లోనికి వచ్చే మడవ దగ్గరి మట్టి ఒకటి, పొలం అవతలి చివరి మట్టి ఒకటి, రెండూ విడివిడిగా తీయండి. తోయామాలో మడవ దగ్గరి మడులలోనే కాడ్మియం హెచ్చుగా దొరికింది. మడవ దగ్గర హెచ్చు, అవతల తక్కువ ఉంటే నీరు తెస్తున్నదని అర్థం. అంతటా సమానంగా ఉంటే ఎరువు మీదనో, నేల స్వభావం మీదనో దృష్టి పెట్టాలి. ఒక్క నమూనా చూసి ఊరిని బెదరగొట్టకండి, ఒక్క నమూనా చూసి ఊరడించనూ వద్దు. ఫలితాన్ని సర్వే నంబరుతో సహా ఊరి పుస్తకంలో రాసి ఉంచండి. పదేళ్ళ తరువాత వచ్చే ఉద్యోగికి అది అక్కరకు వస్తుంది.

తోయామా రైతులకు పొలం చెడిందని తెలిసేనాటికి ఇంట్లో తల్లులు మంచాన పడ్డారు. మనకు ముందే తెలిసే అవకాశం ఉంది. ఉప్పెన ఉప్పును మన పెద్దలు నీటితో వెళ్ళగొట్టారు. భారలోహాన్ని వెళ్ళగొట్టే నీరు లేదు గనుక, దాన్ని మడవ దగ్గరే ఆపాలి. వచ్చే కాలువ విడుదలకు ముందు మీ పొలానికి నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, దారిలో ఏమేమి కలుస్తున్నాయో ఊళ్ళో నలుగురూ కలిసి ఒకసారి నడిచి చూసి, చూసింది కాగితం మీద పెట్టండి. అనుమానమైన చోటు కనిపిస్తే నారుమళ్ళు పోయకముందే నమూనా పంపండి.

సెలవు.